18 ఏళ్ల ఆర్మీ సర్వీసు ఉంది, డిగ్రీ లేదు: ఎక్స్‌సర్వీస్‌మన్ కోటాలో ఏ ఉద్యోగాలకు అర్హత ఉంటుంది?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా తెలుస్తుంది. వయసు 38. 2007లో ఆర్మీలో చేరారు. 18 ఏళ్లు చేసి, 2025లో మీ అంతట మీరే అడిగి, పెన్షన్‌తో హవల్దార్‌గా బయటికొచ్చారు. చదువు ఇంటర్. యూనివర్సిటీ డిగ్రీ లేదు కానీ ఆర్మీ ఇచ్చిన గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ ఉంది. బీసీ. ప్రస్తుతం ఒక ప్రభుత్వ రంగ సంస్థలో ఏజెన్సీ తరఫున సెక్యూరిటీ పని చేస్తున్నారు. బ్యాంకు, రైల్వే, ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ఉద్యోగాలకు కోటా వర్తిస్తుందా, వయసు దాటిపోయిందా, సెక్యూరిటీ పనిలో చేరినందుకు కోటా పోయిందా అని అడిగారు. చివర్లో మీ అబ్బాయి గురించి, బీఎస్ఎఫ్‌లో ఉన్న మీ తమ్ముడి గురించి కూడా రాశారు.

ముందు సూటిగా జవాబు. మీకు అర్హత ఉంది. వయసు సమస్య లేదు. అడిగి బయటికొచ్చినా పెన్షన్ వచ్చాకే వచ్చారు కాబట్టి ఇబ్బంది లేదు. ఏజెన్సీ పని వల్ల కోటా పోలేదు. డిగ్రీ లేకపోయినా కొన్ని గ్రూప్ సీ (క్లర్కు స్థాయి) ఉద్యోగాలకు మీ సర్టిఫికెట్ చాలు, అన్నిటికీ చాలదు. మీ అబ్బాయికి ఉద్యోగాల్లో ఈ కోటా రాదు, తమ్ముడికీ రాదు. అయితే వీటన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటి మీరు అడగలేదు. ఈ హక్కును దాదాపుగా ఒక్కసారే వాడుకోగలం. దాని గురించి కిందే ఎక్కువ రాస్తాను.

నేను సైనికుల సర్వీసు వివరాలు ఉంచే రికార్డ్ ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైర్ అయ్యాను, ఆ తర్వాత ఇదే కోటాలో బ్యాంకులో చేరాను. ఇప్పుడు మా జిల్లాలో మాజీ సైనికుల దరఖాస్తులు చూసిపెడుతుంటాను. ఇక్కడ రాసేది ఆ అనుభవంతోనే.

ఎక్స్‌సర్వీస్‌మన్ అంటే ఎవరు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల వరకు దీనికి ఆధారం 1979 నాటి నిబంధనలు. వాటిని 2012లో సవరించారు, ఇక్కడ చెప్పే నిర్వచనం అప్పటిదే. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లలో ఏ ర్యాంకులో చేసినా, పెన్షన్‌తో బయటికొస్తే ఎక్స్‌సర్వీస్‌మన్. పెన్షన్ సంపాదించుకున్నాక సొంతంగా అడిగి వచ్చినా అంతే. సర్వీసు కారణంగా వచ్చిన అనారోగ్యంతో, గాయంతో మెడికల్ బోర్డు మీద పంపించేసి మెడికల్ పెన్షనో డిజెబిలిటీ పెన్షనో ఇచ్చినా అంతే. నిర్ణీత కాలానికి చేరి, ఆ కాలం పూర్తయ్యాక గ్రాట్యుటీతో విడుదలైన షార్ట్ సర్వీస్ ఆఫీసర్లు కూడా ఇందులోకి వస్తారు.

ఎవరు రారంటే, పెన్షన్ రాకముందే తమంతట తామే మానేసినవాళ్లు. మా దగ్గరికి తొమ్మిదేళ్లు సర్వీసు చేసిన ఒకతను వచ్చాడు. ఇంట్లో పరిస్థితి బాగోలేక డిశ్చార్జ్ అడిగి వచ్చేశాడు. డిశ్చార్జ్ బుక్ ఉంది, మంచి క్యారెక్టర్ రాశారు, పతకాలున్నాయి. అయినా కోటా రాదని చెప్పాల్సి వచ్చింది. నా మనసుకు చాలా కష్టంగా అనిపించింది, కానీ రూల్ అక్కడ స్పష్టంగా ఉంది. ఇప్పుడు సర్వీసులో ఉండి 12, 13 ఏళ్ల దగ్గర "ఇక చాలు, వచ్చేద్దాం" అనుకుంటున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి పెన్షన్‌కు కావాల్సిన 15 ఏళ్లు పూర్తి చేసి రండి. మిగతా జీవితం ఎలా ఉంటుందో ఆ రెండు మూడేళ్లే తేలుస్తాయి.

అగ్నివీరుల గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. నాలుగేళ్లు చేసి వచ్చేవాళ్లకు ఎక్స్‌సర్వీస్‌మన్ హోదా లేదు. వాళ్లకు కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లాంటి చోట్ల విడిగా కోటా ప్రకటించారు. అది వేరు, ఇది వేరు.

కోటా ఎక్కడ, ఎంత

కేంద్ర ప్రభుత్వ శాఖల్లో నేరుగా భర్తీ చేసే గ్రూప్ సీ పోస్టుల్లో 10 శాతం, పూర్వపు గ్రూప్ డీ స్థాయి పోస్టుల్లో 20 శాతం మాజీ సైనికులకు. రైల్వేలో ఎన్‌టీపీసీ (క్లర్కు, గార్డు లాంటి నాన్ టెక్నికల్) పోస్టులకు 10, లెవెల్ వన్ పోస్టులకు 20 అని నోటిఫికేషన్‌లో కనిపించేది ఇందుకే. ప్రభుత్వ రంగ సంస్థల్లో, ప్రభుత్వ బ్యాంకుల్లో ఇది ఇంకొంచెం ఎక్కువ: గ్రూప్ సీలో 14.5, గ్రూప్ డీలో 24.5 శాతం. ఆ అదనపు 4.5 శాతం యుద్ధంలో, ఆపరేషన్లలో వికలాంగులైన సైనికులకు, ప్రాణాలు పోగొట్టుకున్నవారి కుటుంబాలకు ఉద్దేశించింది.

గ్రూప్ ఏ, గ్రూప్ బీ పోస్టుల్లో కోటా లేదు. ఉన్న మినహాయింపు కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో అసిస్టెంట్ కమాండెంట్ స్థాయి పోస్టులు, అక్కడ 10 శాతం ఉంటుంది. కాబట్టి బ్యాంకు పీఓ నోటిఫికేషన్‌లో "ఎక్స్‌సర్వీస్‌మన్" అనే మాట కనబడగానే కోటా ఉందనుకోకండి. అక్కడ ఉండేది వయసు సడలింపు, అదీ ఆఫీసర్లుగా చేసినవాళ్లకు. మీలాంటివాళ్లకు బ్యాంకులో అసలు దారి క్లర్కు ఉద్యోగం. దాన్నే ఇప్పుడు బ్యాంకు పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అంటోంది, స్టేట్ బ్యాంకులో జూనియర్ అసోసియేట్ అంటారు.

ఇంకో విషయం. ఇది అడ్డంగా నడిచే కోటా, అంటే మీరు బీసీ అయితే ఓబీసీ వాటాలోనే మాజీ సైనికుడిగా సీటు పొందుతారు. అందుకే ఓబీసీ సర్టిఫికెట్ కూడా పక్కాగా ఉండాలి. మన రాష్ట్రాల్లో బీసీలుగా ఉన్న కొన్ని కులాలు కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. ముందు అది చూసుకోండి. జాబితాలో ఉంటే కేంద్ర నమూనాలో, నాన్ క్రీమీ లేయర్ (సంపన్న వర్గం కాదు) అని రాసి ఉన్న సర్టిఫికెట్ తీసుకోండి. ఎమ్మార్వో ఆఫీసులో మామూలు బీసీ సర్టిఫికెట్ ఇచ్చి పంపిస్తారు, అది పనికిరాదు. "నాకు పెన్షన్ వస్తోంది, క్రీమీ లేయర్ అయిపోతానా" అని కొందరు టెన్షన్ పడుతుంటారు. క్రీమీ లేయర్ చూసేది మీ తల్లిదండ్రుల హోదాను, ఆదాయాన్ని. మీ పెన్షన్ లెక్కలోకి రాదు.

వయసు లెక్క

గ్రూప్ సీ పోస్టులకు లెక్క ఇలా ఉంటుంది. మీ అసలు వయసులోంచి సైన్యంలో చేసిన సర్వీసు తీసేయాలి. మిగిలింది పోస్టుకు చెప్పిన గరిష్ఠ వయసు కంటే మూడేళ్లకు మించి ఎక్కువ ఉండకూడదు. మీ విషయంలో 38 లోంచి 18 తీస్తే 20. బ్యాంకు క్లర్కుకు గరిష్ఠం 28, మూడు కలిపితే 31. అంటే హాయిగా లోపలే ఉన్నారు. రైల్వేలో ఓబీసీ మాజీ సైనికులకు ఆ మూడు బదులు ఆరేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఎనిమిదేళ్లు ఇస్తారు. బ్యాంకులు మాత్రం ఎంత సర్వీసు ఉన్నా 50 ఏళ్లు దాటకూడదనే గీత పెడతాయి.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. అసలు వయసులోంచి సర్వీసు తీసేస్తే మిగిలేది మీరు సైన్యంలో చేరిన నాటి వయసు, బయటికొచ్చాక గడిచిన కాలం, ఈ రెండే. సర్వీసులో ఉన్నన్నాళ్లూ మీ లెక్క వయసు పెరగలేదు. బయటికొచ్చిన రోజు నుంచి మాత్రం ప్రతి ఏడాదీ పెరుగుతుంది. అందుకని "ముందు ఇల్లు కట్టుకుని, అమ్మాయి పెళ్లి చేసి, తర్వాత చూద్దాం" అని ఏళ్లకేళ్లు వాయిదా వేయడం మంచిది కాదు. పుస్తకం పట్టుకునే అలవాటు కూడా పోతుంది.

ఏపీ, తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ల నోటిఫికేషన్లలో కూడా దాదాపు ఇదే సూత్రం ఉంటుంది: సైన్యంలో చేసిన సర్వీసు, దానిమీద మూడేళ్లు. కానీ రాష్ట్ర ఉద్యోగాలకు లోకల్ అభ్యర్థి నిబంధన కూడా తోడవుతుంది. అది మీరు స్కూలు ఏ జిల్లాలో చదివారన్న దానిమీద ఆధారపడుతుంది. సైన్యంలో ఉండగా ఏ ఊళ్లో కాపురం పెట్టారన్నది చూడరు. స్టడీ సర్టిఫికెట్లు పోగొట్టుకుని ఉంటే ఇప్పుడే పాత బడికి వెళ్లి తెచ్చుకోండి. కోటా ఏ పోస్టులకు ఇస్తున్నారో నోటిఫికేషన్‌లో ఖాళీల పట్టిక చూసే తెలుసుకోవాలి.

ఆర్మీ గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్‌తో ఎంతవరకు

మెట్రిక్ పాసై, 15 ఏళ్లకు తక్కువ కాకుండా సర్వీసు చేసినవారిని డిగ్రీ అడిగే గ్రూప్ సీ పోస్టుకు అర్హులుగా తీసుకోవచ్చని రూల్ ఉంది. ఆ పోస్టుకు సాంకేతిక, వృత్తిపరమైన పని అనుభవం తప్పనిసరి కాకూడదు. బ్యాంకు క్లర్కు నోటిఫికేషన్లలో ఈ వెసులుబాటు మాటల్లోనే రాసి ఉంటుంది. మీరు 18 ఏళ్లు చేశారు కాబట్టి సరిపోతారు. సర్టిఫికెట్ మీద ఉన్న తేదీ మాత్రం నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీకి ముందుదై ఉండాలి.

దీనికి హద్దులున్నాయి. ఇది రిజర్వ్ చేసిన గ్రూప్ సీ ఖాళీల వరకే పనిచేస్తుంది. ఎస్ఎస్‌సీ డిగ్రీ స్థాయి పరీక్ష సీజీఎల్‌లో ఉండే గ్రూప్ బీ పోస్టులకు పనిచేయదు. దీంతో పీజీలోనో బీఈడీలోనో చేరతామంటే యూనివర్సిటీ ఒప్పుకోదు. ఓపెన్ పోస్టుకు డిగ్రీ ఉన్న అభ్యర్థిగా పోటీ పడటానికీ కుదరదు. అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనో ఇగ్నోలోనో మామూలు డిగ్రీలో చేరమని చెప్తాను. ఉద్యోగం చేస్తూనే పూర్తి చేయొచ్చు. రేపు ఏ సెక్షన్ క్లర్కో మీ సర్టిఫికెట్ చూసి "ఇదేంటి, దీన్ని ఎవరు డిగ్రీ అన్నారు" అని మొదలుపెడితే వివరించే బాధ తప్పుతుంది. అలా వివరించడానికి రూల్ కాపీ పట్టుకుని తిరిగినవాళ్లను చాలామందిని చూశాను.

ఒక్కసారే వాడుకునే హక్కు

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ కోటా వాడుకుని సివిల్ వైపు ప్రభుత్వ ఉద్యోగంలో రెగ్యులర్‌గా చేరారా, ఆ రోజుతో ఉద్యోగాల కోటా వరకు మీ ఎక్స్‌సర్వీస్‌మన్ హోదా అయిపోతుంది. ఆ తర్వాత ఇంకో పరీక్షలో రిజర్వేషన్ అడగడానికి లేదు. గ్రూప్ సీలో పై స్థాయి పోస్టుకు వెళ్లాలంటే వయసు సడలింపు ఒక్కటి మిగులుతుంది.

మీ సెక్యూరిటీ పని దీని కిందికి రాదు. మీ యజమాని ఆ ఏజెన్సీ, ఆ సంస్థ కాదు. ప్రైవేటు ఉద్యోగం చేసినా, ప్రభుత్వ ఆఫీసులోనే కాంట్రాక్టు మీదో, క్యాజువల్‌గానో, ఎప్పుడైనా తీసేయగల తాత్కాలిక పద్ధతిలోనో చేసినా కోటా పోదు. ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి.

ప్రమాదం ఎక్కడంటే, రెగ్యులర్ ఉద్యోగంలో చేరే రోజున. మాజీ సైనికులు ఒకేసారి అయిదారు పరీక్షలు రాస్తారు. ఫలితాలు ఒక్కోటీ ఒక్కో నెలలో వస్తాయి. ముందు వచ్చిన చిన్న ఉద్యోగంలో చేరిపోతారు, ఆరు నెలల తర్వాత మంచి ఉద్యోగం ఫలితం వస్తుంది. అప్పుడు కోటా ఉంటుందా? 2014 ఆగస్టు 14న కేంద్ర సిబ్బంది శాఖ ఇచ్చిన మెమోరాండం దీనికి దారి చూపించింది. ఉద్యోగంలో చేరకముందే ఎక్కడెక్కడ దరఖాస్తు చేశారో తేదీలవారీగా రాసి, చేరిన వెంటనే కొత్త యజమానికి సెల్ఫ్ డిక్లరేషన్ ఇస్తే, ఆ పాత దరఖాస్తులకు సంబంధించిన ఉద్యోగాలకు కోటా కొనసాగుతుంది. చేరిన తర్వాత కొత్తగా పెట్టిన దరఖాస్తులకు మాత్రం రాదు.

ఈ ఒక్క కాగితం ఇవ్వక మంచి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు నా ఎదురుగానే ఉన్నారు. ఒకాయన ఒక కేంద్ర కార్యాలయంలో అటెండరు స్థాయి పోస్టులో చేరారు. అప్పటికే బ్యాంకు పరీక్ష రాసి ఉన్నారు. చేరేటప్పుడు బోలెడు ఫారాలు నింపించారు కానీ ఈ డిక్లరేషన్ గురించి ఎవరూ చెప్పలేదు. ఏడాది లోపు బ్యాంకులో ఎంపికయ్యారు. సర్టిఫికెట్ల పరిశీలనలో "ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నారు కదా, డిక్లరేషన్ కాపీ ఏది" అని అడిగారు. ఆయన దగ్గర లేదు. తర్వాత రాసిచ్చినా ఒప్పుకోలేదు. అదే ఏడాది ఇంకొకాయన ముందే మమ్మల్ని అడిగి, చేరిన రోజునే రెండు కాపీలు రాసి, ఒకదానిమీద ఇన్‌వార్డు ముద్ర వేయించుకున్నారు. ఇప్పుడు బ్యాంకులో ఉన్నారు. ఇద్దరూ ఒకే చదువు, దాదాపు ఒకే సర్వీసు.

కాబట్టి మీరు ఈ రోజు నుంచే ఒక నోటు పుస్తకం పెట్టండి. పరీక్ష పేరు, నోటిఫికేషన్ నంబరు, దరఖాస్తు చేసిన తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు రాసుకోండి. దరఖాస్తు ప్రింటు దాచండి. ఏదైనా ఉద్యోగంలో చేరితే ఆ రోజే ఆ జాబితాతో డిక్లరేషన్ ఇచ్చి, అందినట్టు ముద్రో సంతకమో తీసుకోండి.

దీనితో పాటు నా అభిప్రాయం ఒకటి చెప్తాను, ఒప్పుకోవాలని లేదు. మీకు 38. పెన్షన్ వస్తోంది, అది మీకూ ఇంటికీ ఆధారం. కింది ర్యాంకుల్లో 55 ఏళ్ల లోపు రిటైర్ అయినవాళ్లకు కేంద్ర ఉద్యోగంలో జీతం ఖరారు చేసేటప్పుడు పెన్షన్‌ను పూర్తిగా పక్కన పెడతారు, కాబట్టి రెండూ వస్తాయి. అంటే మీకు ఆకలి తొందర లేదు. అలాంటప్పుడు ఒక్కసారి వాడుకునే హక్కును మొదట దొరికిన పోస్టుకి ఖర్చు పెట్టేయకండి. కనీసం రెండేళ్లు గట్టిగా చదివి క్లర్కు స్థాయికి ప్రయత్నించండి. ఎక్స్‌సర్వీస్‌మన్ కట్ ఆఫ్‌లు జనరల్‌తో పోలిస్తే చాలా తక్కువగా ఉంటాయి. అర్హులు దొరక్క మన సీట్లు వేరేవాళ్లకు వెళ్లిపోతుంటే చూడటం నాకు బాధగా ఉంటుంది. మనవాళ్లకు తెలివి లేక కాదు. ఇంగ్లీషు, రీజనింగ్ పేపరు చూడగానే భయపడి రెండో ప్రయత్నం చేయరు, అంతే. పదో తరగతి లెక్కలు మళ్లీ మొదటి నుంచి చేయండి, ఆరు నెలల్లో చెయ్యి తిరుగుతుంది.

కాగితాల సంగతి

అర్హత ఉండి కూడా చివర్లో ఆగిపోయేది ఎక్కువగా పేరు, పుట్టినతేదీ తేడాల దగ్గర. మనవాళ్లకు ఇది మరీ ఎక్కువ. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది, డిశ్చార్జ్ బుక్‌లో ఇంటిపేరే ఉండదు, ఆధార్‌లో చివర ఉంటుంది. డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), టెన్త్ మెమో, ఆధార్ నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే రికార్డ్ ఆఫీసుకు రాసి సరిచేయించుకోవాలి, దానికి నెలలు పడుతుంది. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే అందదు. సర్వీసులో ఉన్నవాళ్లయితే బయటికి రాకముందే పార్ట్ టూ ఆర్డర్ (సర్వీసు రికార్డులో మార్పు నమోదు చేసే ఉత్తర్వు) పడేలా చూసుకోండి, అప్పుడు చాలా తేలిక.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేసుకుని ఎక్స్‌సర్వీస్‌మన్ గుర్తింపు కార్డు తీసుకోండి, ఇంకా తీసుకోకపోతే. ఇంకా సర్వీసులో ఉండి ఏడాది లోపు గడువు పూర్తి కానున్నవాళ్లు కూడా కోటా కింద దరఖాస్తు చేయొచ్చు. వాళ్లు యూనిట్ నుంచి ఎప్పుడు విడుదలవుతారో తెలిపే సర్టిఫికెట్ జత చేయాలి. గడువు పూర్తయ్యేదాకా మాత్రం యూనిఫాం వదలడానికి వీల్లేదు.

అబ్బాయి, తమ్ముడు

కేంద్ర ఉద్యోగాల్లో మాజీ సైనికుల పిల్లలకు కోటా లేదు. విధి నిర్వహణలో చనిపోయినవారి, తీవ్రంగా వికలాంగులైనవారి కుటుంబ సభ్యులకే కొన్ని చోట్ల అవకాశం ఉంది. మీరు విన్న "క్యాప్ కోటా" సైనికుల పిల్లలకు ఇంజినీరింగ్, మెడిసిన్ లాంటి సీట్లకు సంబంధించింది, ఉద్యోగానికి కాదు. అబ్బాయి ప్రొఫెషనల్ డిగ్రీలో చేరితే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయండి. ఎంపికైతే అబ్బాయిలకు నెలకు 2,500, అమ్మాయిలకు 3,000 రూపాయలు ఇస్తారు. చేరిన మొదటి ఏడాదే పెట్టాలి.

మీ తమ్ముడి విషయంలో, బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్ లాంటివి హోం శాఖ కిందివి. అక్కడ రిటైర్ అయినవాళ్లు ఈ నిర్వచనంలోకి రారు. వాళ్లూ సరిహద్దులో అదే ఎండలో, అదే మంచులో నిలబడతారు. అయినా రూల్ ఇలా ఉంది. దరఖాస్తులో పొరపాటున ఎక్స్‌సర్వీస్‌మన్ అని టిక్ పెట్టొద్దని చెప్పండి, పరిశీలనలో అభ్యర్థిత్వమే రద్దవుతుంది.

మీ డిశ్చార్జ్ తేదీ, ఆర్మీ గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ మీద ఉన్న తేదీ, మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో ఈ మూడూ చూసి ఇక్కడే రాయండి. వచ్చే క్లర్కు నోటిఫికేషన్‌కు ఏ కాగితం తక్కువ పడుతుందో చూసి చెప్తాను.